పిల్లవాణ్ణి కోసేసిన ఫ్లెక్సీ



ఈసారి రాసేది కొందరికి నచ్చదు. మా సంఘ పెద్దలకు ముందే చెప్పాను, మీ ముందు మాట్లాడిన మాటలే రాస్తాను, అంతకు మించి రాయను అని. వాళ్ళు సరేనన్నారు. ఇందులో వాళ్ళ తప్పు కన్నా నా తప్పే ఎక్కువ అని ముందే ఒప్పుకుంటున్నాను.

పోయిన డిసెంబరు మొదటి వారంలో మా యవ్వనస్థులు క్రిస్మస్ ఫ్లెక్సీ కోసం ఒక బొమ్మ తెచ్చారు. హైదరాబాదులో చదువుకుంటున్న మా సంఘపు అబ్బాయి ఒకడు దాన్ని ఫోనులో చూపించాడు. పోలండు దేశపు చిత్రకారుడు యాత్సెక్ మల్చెవ్‌స్కీ 1901లో వేసిన చిత్రం అది. ఒక దేవదూత, ఒక పల్లెటూరి పిల్లవాడు. చిత్రం పేరు మన భాషలో చెప్పుకుంటే, 'దూతా, నేను నీ వెంట వస్తాను'. నాకు నచ్చింది. వేయించండి అన్నాను.

షాపుకు పంపే ముందు పెద్దలు చూశారు. ఒక పెద్దాయన అన్నాడు: "అయ్యగారూ, దూత మంచిగనే ఉన్నడు. పక్కకు గీ పోరడెందుకు? జీతగాని లెక్క ఉన్నడు. పండుగ పూట వాన్నెవరు చూస్తరు? తీసేయమనుండ్రి." ఇంకో ఆయన అందుకున్నాడు: "దూత కూడ ఇంక జర తెల్లగ ఉంటే మంచిగుండు." నేను ఏం చేశాను? ఆ సాయంత్రం నాకు రెండు ఊళ్ళలో సెమీ క్రిస్మస్ కూటాలున్నాయి. బండి స్టార్ట్ చేస్తూ "మీ ఇష్టం" అన్నాను.

మూడో రోజున ఫ్లెక్సీ వచ్చింది. దూత ఉన్నాడు, రంగు తేల్చారు. పిల్లవాడు లేడు. పిల్లవాణ్ణి తీసేసిన చోట నా ఫోటో పెట్టారు. కోటు, టై, చేతిలో బైబిలు.

అది నెల రోజులు మందిరం గేటు మీద ఉంది. నేను రోజూ దాని కిందినుంచే లోపలికి వెళ్ళి ప్రసంగం చేశాను. బొమ్మ తెచ్చిన అబ్బాయి క్రిస్మస్ రోజు వచ్చి దాన్ని చూసి ఒకే మాట అడిగాడు. "అయ్యగారూ, ఆ పిలగాడు లేకపోతే ఇగ దూత ఎవరికోసం వచ్చినట్టు?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు చెప్పలేని జవాబే ఇది.

ఆ బొమ్మ వేసినవాడు ఎవరు?

మల్చెవ్‌స్కీ 1854లో రాదోమ్ అనే పట్టణంలో పుట్టాడు, 1929లో క్రాకోవ్ నగరంలో చనిపోయాడు. ఆయన పుట్టిన నాటికి ప్రపంచ పటంలో పోలండు అనే దేశం లేదు. 1795 నాటికే రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ప్రభువులు దాన్ని ముక్కలు చేసి పంచుకున్నారు. మళ్ళీ అది దేశంగా లేచింది 1918లో. అంటే ఆయన జీవితంలో అరవై ఏళ్ళకు పైగా సొంత నేల మీద పరాయివాడిగానే గడిచింది. తిరగబడిన పోలండు వాళ్ళను జారు చక్రవర్తి సైబీరియాకు తోలేవాడు.

1892లో ఆయన ఒక చిత్రం వేశాడు. దాని పేరు 'సైబీరియాలో క్రిస్మస్ ముందు రాత్రి'. ఇంటికి దూరంగా తోలివేయబడిన మనుషులు ఒక బల్ల దగ్గర కూర్చుని ఉంటారు. పోలండులో ఆ రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని పలచని రొట్టె విరిచి ఒకరికొకరు పంచుకుంటారు. ఇక్కడ ఇల్లు లేదు, ఇంటివాళ్ళు లేరు. పండుగ వచ్చింది గాని పండుగ చేసుకునే ముఖాలు లేవు. ఆ చిత్రంలో దేవదూత కూడా లేడు.

ముంబయిలో బిల్డింగు పనికి పోయి, అక్కడి రేకుల షెడ్డులో డిసెంబరు 24 రాత్రి గడిపిన మన పాలమూరు తమ్ముళ్ళకు ఆ బొమ్మ చూపించండి. ఒక్క ముక్క వివరించనక్కర లేదు.

ఆ బొమ్మ వేసిన చేయే తొమ్మిదేళ్ళకు ఈ దూతను వేసింది. దూతను ఆయన మేఘాల మీద పెట్టలేదు. రాజుల కోటలో పెట్టలేదు. తన దేశపు పల్లెలో, తన దేశపు పేద పిల్లవాడి పక్కన పెట్టాడు. దేశం పోగొట్టుకున్న ప్రజల దగ్గరికి పరలోకం నుంచి ఎవరైనా వస్తే ఎవరి దగ్గరికి వస్తారు? ఆ పిల్లవాడి దగ్గరికే. ఆయన బొమ్మలో ఉన్న వాక్యం అదే. మనం కత్తిరించి పారేసింది కూడా దాన్నే.

"అది కతోలికుల బొమ్మ గదా, మనకెందుకు?"

ఈ మాట నాతో ఇద్దరు ముగ్గురు అన్నారు. మనది బొమ్మలు లేని సంఘం, గోడల మీద వాక్యం తప్ప వేరేది ఉండగూడదు అని. నిర్గమకాండము 20వ అధ్యాయం నాకూ తెలుసు. బొమ్మకు మొక్కమని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను. కానీ ఈ మాట అనే ముందు మన చరిత్ర మనం తెలుసుకోవాలి.

నల్లగొండలో సువార్త పని చేసిన తొలి మిషనరీల్లో అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియ ఉన్నారు. వాళ్ళు అమెరికా వాళ్ళు కాదు. రష్యా చక్రవర్తి ఏలుబడిలోని మెన్నొనైట్ బ్రదరెన్ వాళ్ళు. 1889లో బయలుదేరి వచ్చి, అమెరికన్ బాప్టిస్టు మిషనుతో కలిసి 1890 నాటికి నల్లగొండలో పని మొదలుపెట్టారు. 1899లో అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ వాళ్ళు హైదరాబాదుకు వచ్చారు. తరువాత నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, మహబూబ్‌నగర్, గద్వాల అంతటా ఆ పని వ్యాపించింది. ఈ రెండు జిల్లాల్లో మనలో చాలామంది తాతలు బాప్తిస్మం తీసుకున్నది ఈ కాపరుల చేతుల మీదనే.

మరి ఆ ఫ్రీసెన్ గారి ముత్తాతలు ఎక్కడివాళ్ళు? రష్యాలోని మెన్నొనైట్లు అక్కడికి వెళ్ళక ముందు రెండు వందల ఏళ్ళకు పైగా పోలండులోని విస్తులా నది ముఖద్వారంలో బురద నేలలకు గట్లు కట్టి, నీళ్ళు తోడి, వ్యవసాయం చేసి బతికినవాళ్ళు. హింసకు తట్టుకోలేక పడమటి దేశాల నుంచి పారిపోయి వస్తే వాళ్ళకు చోటిచ్చింది ఆ కతోలిక పోలండు దేశమే. వాళ్ళ ప్రార్థన మందిరాల్లో బొమ్మలు ఉండేవి కావు. తెల్ల గోడలు, చెక్క బల్లలు, వాక్యం, పాట, అంతే. ఆ గోడలనే వాళ్ళు మన దగ్గరికీ తెచ్చారు.

ఆ గోడలను నేను గౌరవిస్తాను. కానీ ఆ పెద్దలు గోడ మీద బొమ్మ ఎందుకు వద్దన్నారు? దేవునికి చెందిన చోటు ఇంకెవరికీ ఇవ్వగూడదని. మరి ఇవాళ మన మందిరం గేటు చూడండి. కూటాల పోస్టర్లు చూడండి. దూత బొమ్మ వద్దనే నోరు పాస్టరు బొమ్మ వద్దనదు. ప్రసంగీకుడి ముఖం ఆరడుగులు, యేసు ప్రభువు పేరు అరడుగు. స్వాగతం పలికేవాళ్ళ ఫోటోలు కింద వరసగా పాతిక. మన గోడ మీద ఖాళీ మిగిలితే వాక్యం రావాలి గదా, ఎవరు వచ్చారు? నేను వచ్చాను. కోటు వేసుకుని, ఒక పేద పిల్లవాడు నిలబడిన చోట.

బొమ్మలు లేని సంఘం అని గొప్ప చెప్పుకునే ముందు ఆ ఫ్లెక్సీలు దించుదాం. నాది మొదట దించాను.

దూత ఎవరికోసం వస్తాడు?

ఆ అబ్బాయి ప్రశ్నకు జవాబు వాక్యంలోనే వెతుక్కుందాం.

బైబిలులో యెహోవా దూత అనే మాట మొట్టమొదట ఎక్కడ వస్తుంది? అబ్రాహాము దగ్గర కాదు. మోషే దగ్గర కాదు. ఆదికాండము 16వ అధ్యాయంలో, యజమానురాలు పెట్టే బాధ పడలేక అడవి దారి పట్టిన దాసి హాగరు దగ్గర. నీళ్ళ ఊట పక్కన ఆమెను పేరు పెట్టి పిలిచి, ఎక్కడి నుంచి వస్తున్నావు, ఎక్కడికి పోతున్నావు అని అడిగాడు. ఐగుప్తు దేశపు పనిమనిషి ఆమె. మా పెద్దాయన చూస్తే ఆమెను కూడా జీతగత్తె అనేవాడే.

21వ అధ్యాయంలో ఆమెను కొడుకుతో సహా వెళ్ళగొట్టారు. తిత్తిలో నీళ్ళు అయిపోయాయి. పిల్లవాణ్ణి పొద కింద పడుకోబెట్టి, వాడి చావు చూడలేక ఆమె దూరంగా కూర్చుని ఏడ్చింది. 16, 17 వచనాలు తెరిచి జాగ్రత్తగా చదవండి. ఏడ్చినట్టు రాసి ఉన్నది తల్లిని. దేవుడు విన్నట్టు రాసి ఉన్నది పిల్లవాడి గొంతు. ఆ గొంతు విన్నందుకే దూత ఆకాశం నుంచి పలికాడు, ఆమె కళ్ళకు బావి కనబడింది. ఆ అధ్యాయం నుంచి పిల్లవాణ్ణి తీసేయండి, దూతకు మాట్లాడవలసిన పనే ఉండదు.

గిద్యోను దగ్గరికి దూత వచ్చినప్పుడు అతడు శత్రువులకు భయపడి గానుగ చాటున గోధుమలు దుళ్ళగొడుతున్నాడు. బేత్లెహేము రాత్రి సంగతి మీకు చెప్పాలా? యెరూషలేము దేవాలయంలో యాజకులున్నారు, హేరోదు కోటలో మంత్రులున్నారు. దూత పొలంలో రాత్రి కావలి ఉన్న గొర్రెల కాపరుల దగ్గరికి వెళ్ళాడు. చలికి గొంగడి కప్పుకుని మందను కాచుకునేవాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు. మన సంఘాలు వాళ్ళను ఎన్ని క్రిస్మస్‌లకు పిలిచాయి?

మత్తయి 18:10లో ప్రభువే చెప్పాడు. ఈ చిన్నవాళ్ళలో ఒక్కరిని కూడా తక్కువ చేసి చూడవద్దు, వాళ్ళ దూతలు పరలోకంలో ఎప్పుడూ తండ్రి ముఖాన్ని చూస్తూనే ఉంటారు అని. తక్కువ చేసి చూడవద్దన్న ఆ మాటే మా ఫ్లెక్సీ మీద తీర్పు. పిల్లవాణ్ణి తక్కువ చేసి తీసేశాం, దూతను ఉంచుకున్నాం. ప్రభువు లెక్క ప్రకారం అది కుదరదు. పిల్లవాణ్ణి కాదంటే దూతనూ కాదన్నట్టే. హెబ్రీ 1:14 ప్రకారం దూతలు పంపబడిన సేవకులు. సేవ పొందేవాళ్ళను తీసేశాక మిగిలేది దూత కాదు, రెక్కల అలంకారం.

"దూత తెల్లగా ఉండాలి"

ఇది మన సంఘాల్లో బాగా వేళ్ళు పాతుకుపోయిన అబద్ధం. వాక్యంలో దూతల వస్త్రాలు తెల్లనివని ఉంది, నిజమే. మార్కు 16:5లో సమాధి దగ్గర ఉన్నవాడు తెల్ల బట్ట కట్టుకున్న యువకుడు. మెరుపులాంటి ముఖమనీ ఉంది, అది దేవుని మహిమ వెలుగు. ఒంటి చర్మం తెల్లదని ఏ వచనంలోనూ లేదు. బట్ట తెల్లదంటే మనం చర్మానికి అంటించుకున్నాం.

రెక్కల సంగతి కూడా చూడండి. కెరూబులకు, సెరాపులకు రెక్కలున్నాయని వాక్యం చెబుతుంది. కానీ మమ్రేలో అబ్రాహాము గుడారం దగ్గరికి వచ్చినవాళ్ళు ముగ్గురు మనుషుల్లాగే కనబడ్డారు. వాళ్ళ కాళ్ళకు దుమ్ము ఉంది కాబట్టే కాళ్ళకు నీళ్ళిచ్చాడు, ఆకలి ఉంటుందని రొట్టెలు చేయించాడు. మానోహ కూడా తనతో మాట్లాడినవాడు దూత అని మొదట గుర్తుపట్టలేదు. హెబ్రీ 13:2 దీన్ని గుర్తు చేసే పరాయివాళ్ళకు అన్నం పెట్టమంటుంది, కొందరు తెలియకనే దూతలకు అన్నం పెట్టారని. దూత ఎప్పుడూ తెల్లగా, రెక్కలతో, గాలిలో తేలుతూ వచ్చేటట్టయితే తెలియక పెట్టడం ఎట్లా సాధ్యం?

అసలు దూత అంటే ఎవరు? కబురు తెచ్చేవాడు. హీబ్రూలో, గ్రీకులో కూడా ఆ మాటకు అర్థం అంతే. మన ఊళ్ళలో తరతరాలుగా కబురు మోసింది ఎవరు? చావు కబురు చెప్పడానికి రాత్రికి రాత్రి పక్క ఊళ్ళకు కాలినడకన పోయినవాళ్ళు ఎవరు? డప్పు కొట్టి ఊరంతా చాటింపు వేసినవాళ్ళు ఎవరు? మన తాతలే. మాల వాడ, మాదిగ వాడ మనుషులే. కూలి లేదు, చెప్పుల్లేవు, వెట్టి చాకిరీ అది. కబురు చెప్పి గడప బయటనే నిలబడి, దోసిట్లో పోసిన నీళ్ళు తాగి తిరిగి వచ్చారు. ఈ జిల్లాల్లో దూత పని ఎరిగిన వంశం ఏదైనా ఉందంటే అది మనదే. ఆ తాతల మనుమలం ఇవాళ మందిరం గేటు మీద దూత ఇంకా కొంచెం తెల్లగా కావాలంటున్నాం. దీనికి ఏడవాలో సిగ్గుపడాలో మీరే చెప్పండి.

ఇది ఫ్లెక్సీతో ఆగదు. ప్రతి డిసెంబరులో సండే స్కూల్ పిల్లలతో నాటిక వేయిస్తాం. దూత వేషం ఎవరికి ఇస్తాం? రంగు తేలిన పిల్లకు. మరియమ్మ వేషం? ఇంకా రంగు తేలిన పిల్లకు. నల్లగా ఉన్న పిల్లలకు గొర్రెల కాపరులు, హేరోదు బంట్రోతులు. ఇది మీ సంఘంలో జరగడం లేదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా? మా సంఘంలో జరిగింది. నానమ్మ దగ్గర పెరుగుతున్న ఒక పాప, అమ్మానాన్నలు పుణె వైపు పనికి పోయారు, మా ఇంటి అమ్మగారి దగ్గరికి వచ్చి దూత వేషం అడిగింది. "నీకు గా డ్రెస్ సూట్ కాదు బిడ్డా" అని ఎవరో పక్కనుంచి అన్నారు. ఆ పాప ఏడవలేదు. అది విన్న మాట మొదటిసారి విన్నది కాదు కాబట్టి ఏడవలేదు. మాట్లాడకుండా పోయి చివరి చాప మీద కూర్చుంది.

ఫ్లెక్సీలో నుంచి కోసేసిన పిల్లవాడు ఎక్కడున్నాడని అడిగితే, మా మందిరంలో చివరి చాప మీద ఉన్నాడు. ప్రతి ఆదివారం వస్తున్నాడు.

రొదే చెప్పిన మాట

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో పేతురు చెరసాలలో ఉన్నాడు. సంఘం రాత్రంతా ప్రార్థన చేస్తోంది. దూత వచ్చి పేతురును తట్టి లేపి, చెప్పులు తొడుక్కో, పైబట్ట కప్పుకో అని బయటికి నడిపించాడు. పేతురు వచ్చి తలుపు తట్టాడు. తలుపు దగ్గరికి వెళ్ళింది రొదే అనే పనిపిల్ల. గొంతు గుర్తుపట్టి, సంతోషంలో తలుపు తీయడం కూడా మరిచి లోపలికి ఉరికి పేతురు వచ్చాడని చెప్పింది. ప్రార్థన చేస్తున్న సంఘం ఏమంది? నీకు పిచ్చి పట్టిందని అంది. ఆమె అవునవునని గట్టిగా చెబుతుంటే, అది పేతురు కాదు, పేతురు దూత అయి ఉంటుందన్నారు.

చూశారా? దూత వచ్చాడంటే నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు. పనిపిల్ల చెబితే నమ్మడానికి సిద్ధంగా లేరు. ఆ ఇంట్లో ఆ రాత్రి నిజమైన కబురు తెచ్చింది ఎవరు? రొదే. మనదీ అదే జబ్బు.

ఇంకో రకం వాళ్ళ గురించి కూడా చెప్పాలి. ఈ మధ్య మన మండలాల్లో దూతల దర్శనం అని కూటాలు పెడుతున్నారు. ఫలానా రాత్రి దూతలు దిగుతారు, నూనె తెచ్చుకోండి, కానుక కవరులో పెట్టండి అని. యోహాను అంతటివాడు దూత పాదాల మీద పడబోతే, వద్దు, నేనూ నీలాంటి దాసుణ్ణే, దేవునికే మొక్కు అని దూతే ఆపాడు (ప్రకటన 22:8, 9). కొలస్సయి 2:18లో పౌలు దూతల ఆరాధన గురించి హెచ్చరించాడు. కానుక తీసుకోని దూతల పేరు మీద కానుకలు పట్టేవాడు దూతకు కూడా లోబడనివాడు. ఆ కూటానికి పోయి వచ్చిన ఒక తల్లి నన్ను అడిగింది, "అయ్యగారూ, నాకు ఏ దూత కనబడలే, నా విశ్వాసం తక్కువనా?" అని. ఆమె పొద్దున్నే లేచి, మునుగోడు వైపు నుంచి వచ్చి మా ఊళ్ళో ఉంటున్న, ఫ్లోరైడు నీళ్ళకు కాళ్ళు వంకరపోయిన ముసలాయనకు అంబలి ఇచ్చి వస్తుంది. అమ్మా, నీకు దూత కనబడకపోతే ఏం, ఆ ముసలాయన్ను అడిగితే తన ఇంటికి రోజూ ఎవరు వస్తున్నారో చెబుతాడు అన్నాను.

చిత్రకారుడికి కూడా ఒక మాట

మల్చెవ్‌స్కీని నేను పరిశుద్ధుణ్ణి చేయడం లేదు. ఆయన తన చిత్రాల్లో తన సొంత ముఖాన్ని ఎన్నోసార్లు పెట్టుకున్నాడు. క్రీస్తు బొమ్మకు కూడా తన ముఖమే పెట్టాడు, సమరయ స్త్రీతో మాట్లాడే క్రీస్తుకు సైతం. అది నాకు మింగుడు పడదు. ప్రతి మనిషిలోనూ క్రీస్తు పోలిక ఉండాలని ఆయన ఉద్దేశమని ఎవరైనా అంటే, సరే, కానీ ప్రతి మనిషి అంటూ మనం మొదట వేసుకునేది మన ముఖమే. ఈ విషయంలో ఆయనను తప్పు పట్టే అర్హత నాకు లేదు. ఆయన కనీసం బొమ్మ వేయడం వచ్చినవాడు. నేను ఇంకొకడు వేసిన బొమ్మలో చొరబడినవాణ్ణి.

అందుకే మన ఊరి వేషంలో దూత బొమ్మ వేయించుకుందాం, నల్ల రంగు దూతను గేటు మీద పెట్టుకుందాం అని నేను అనడం లేదు. బొమ్మ మారి మనం మారకపోతే లాభం లేదు. గోడ మీద నల్ల దూత ఉండి, చివరి చాప మీద నల్ల పిల్ల అట్లాగే కూర్చుంటే ఆ దూత మన మీద సాక్షి అవుతాడు.

"ఒక ఫ్లెక్సీ గురించి ఇంత రాయాలా అయ్యగారూ, చిన్న విషయం" అంటారేమో. చిన్న విషయమే. చిన్నవాళ్ళ గురించి ప్రభువు చిన్నగా మాట్లాడలేదు. తిరగటి రాయి మెడకు కట్టుకుని సముద్రంలో పడడం మేలన్నాడు. జీతగాడు అనే మాట మా పెద్దాయన నోట ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. ఆయన తండ్రి దొర దగ్గర జీతం ఉన్నాడు. చిన్నప్పుడు ఆయనా గొడ్లు కాశాడు. 1976లో వెట్టిని రద్దు చేస్తూ చట్టం వచ్చింది గాని, ఆ రోజుల అవమానం మనసులో నుంచి పోవడానికి చట్టం చాలదు. ఆ బొమ్మలో ఆయన చూసింది పోలండు పిల్లవాణ్ణి కాదు, తన్ను తాను. తీసేయమన్నది తననే. ఈ మాట ఆయనతో ఒక్కడే ఉన్నప్పుడు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "రాయుండ్రి అయ్యగారూ, మందికి తెల్వాలె" అన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను.

పెద్దాయనా, సంఘంలో మీలాంటి వాళ్ళందరితో నా మనవి ఒకటే. మీ బాల్యాన్ని చూసి సిగ్గుపడవద్దు. దూత వెతుక్కుంటూ వచ్చింది ఆ పిల్లవాణ్ణే. కోటు వేసుకున్న నన్ను కాదు.

ఈ క్రిస్మస్‌కు

మా సంఘంలో మూడు తీర్మానాలు చేసుకున్నాం. మీకు సరి అనిపిస్తే మీరూ చేయండి.

గేటు మీద ఎవరి ఫోటో ఉండదు, పాస్టరుది అసలే ఉండదు. పండుగ తేదీ, సమయం, ఒక వచనం ఉంటే చాలు.

నాటికలో వేషాలు చీటీలు వేసి ఇస్తాం. ఏ పాప చేతికి దూత చీటీ వస్తే ఆ పాపే దూత. కిందటేడు అడిగి లేదనిపించుకున్న పాపను చీటీ లేకుండానే మొదట పిలుస్తాం, అది మేము ఆమెకు తీర్చవలసిన బాకీ.

అమ్మానాన్నలు వలస పోయిన పిల్లలు మన వాడలో ఎంతమంది ఉన్నారో ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకుంటాం. 24 రాత్రి ఆరాధన అయ్యాక ఆ పిల్లలు, వాళ్ళ నానమ్మలు, అమ్మమ్మలు సంఘంతో కలిసి భోజనం చేస్తారు. వాళ్ళ కోసం చివరి చాప వేయం, ముందు వరస వేస్తాం. పుణెకు, ముంబయికి ఫోను కలిపి ఆ తల్లిదండ్రులతో పిల్లలను మాట్లాడిస్తాం. సైబీరియా బల్ల దగ్గర దూత లేడు. మన బల్ల దగ్గర కూడా కనబడకపోవచ్చు. తెలియకనే అన్నం పెట్టమన్నాడు దేవుడు, తెలిసి పెట్టమనలేదు.

ఆ అబ్బాయికి నేను ఇవ్వవలసిన జవాబు ఇదే. బాబూ, పిల్లవాడు లేకపోతే దూత ఎవరికోసమూ రానట్టే. వాణ్ణి తీసేసినప్పుడే దూత కూడా వెళ్ళిపోయాడు. నెల రోజులు మన గేటు మీద ఉన్నది ఒట్టి రంగు బట్ట.

ప్రభువా, మా చేతులతో మేము కోసేసిన వాళ్ళను మా మధ్యకు మళ్ళీ తీసుకురా. వాళ్ళ చోటులో నిలబడిన మమ్మల్ని పక్కకు జరుపు. నీ చిన్నవాళ్ళ వెంట నడవడం మాకు నేర్పు. ఆమేన్.